ఒక పీటకు సరిపడా కలప కూడా రసీదుతో దొరకాలి

సంపాదకులు గారికి నమస్కారం.

తీరిక వేళల్లో ఇంట్లోవాళ్ల కోసం చెక్కపని చేసుకునే నాలాంటివారికి మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో ఎదురవుతున్న ఒక చిక్కును మీ పత్రిక ద్వారా అటవీ శాఖ అధికారుల దృష్టికీ, తోటి పాఠకుల దృష్టికీ తీసుకురావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. టేకు అడవుల నడుమ బతుకుతున్న మాకు ఒక పీటకు సరిపడా టేకు చెక్కను, రసీదు తీసుకుని, ధైర్యంగా ఇంటికి తెచ్చుకునే దారి సులువుగా దొరకడం లేదు.

నేను ఉండేది చంద్రపూర్ జిల్లా రాజురాలో. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు ఈ తాలూకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే మాలో చాలామందికి ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. వార్ధా నది దాటితే బల్లార్షా. ఆ పేరు చెబితే రైలు ప్రయాణికులకు జంక్షన్ గుర్తొస్తుంది, ఇల్లు కట్టించేవారికి టేకు గుర్తొస్తుంది. బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్ రాష్ట్రం పేరు మీద కలప వ్యాపారులు ఇప్పటికీ ‘సీపీ టేకు’ అని పిలిచేది ఈ చుట్టుపక్కల అడవుల కలపనే. 2023 మార్చిలో అయోధ్య రామాలయం కోసం ఇక్కడి టేకును బల్లార్షా నుంచి ఊరేగింపుతో సాగనంపారు. ఆ గుడి తలుపులను తయారు చేసినది హైదరాబాదు సంస్థ అని తెలిసినప్పుడు మాకు రెండింతలు సంతోషం కలిగింది. గుడికి వెళ్లిన దుంగల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా మాటంతా దుంగ కొనలేనివారి గురించి.

ఇంటి మనిషి చేసే చెక్కపని ఎంతటిదో తెలియనివారికి ఈ విన్నపం వింతగా తోచవచ్చు. మేము చేసేవి మంచాలు, బీరువాలు కావు. మనుమరాలు బువ్వ తినడానికి కూర్చునే చిన్న పీట, నడక నేర్చే పిల్లవాడు తోసుకుంటూ తిరిగే మూడు చక్రాల బండి, వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు తొలిచిన వామనగుంటల పీట, పెద్దవాళ్లు పారాయణం చేసుకునే వ్యాసపీఠం, కోడలికి పప్పుగుత్తి, కవ్వం, అప్పడాల కర్ర, దసరాకు బొమ్మల కొలువు మెట్లు, దగ్గరివాళ్ల ఇంట్లో పెళ్లి కుదిరితే ఒక జత పెళ్లి పీటలు. వీటిలో చాలావరకు బజారులో మాకంటే నునుపుగా చేసినవే దొరుకుతాయి. అయినా చేస్తాం. ఎందుకు చేస్తారని అడిగినవారికి జవాబు చెప్పడంకన్నా రంపం అందుకోవడమే నాకు తేలిక.

ఈ పనులకు పట్టే కలప ఎంత? అడుగు చదరపు పైపలక, నాలుగు కాళ్లు, వాటిని కలిపే అడ్డకర్రలు ఉన్న ఎత్తుపీటకు ఘనపుటడుగులో మూడో వంతు చెక్క కూడా పట్టదు. ఒక ఘనమీటరు అంటే 35 ఘనపుటడుగులకు పైమాట. కోతలో సగం తరుగు పోయిందనుకున్నా, ఒక ఘనమీటరు దుంగ నుంచి అలాంటి పీటలు 50కి పైగా తీయవచ్చు. అటవీ శాఖ కలప డిపోల్లో వేలానికి లాట్లు (దుంగల కుప్పలు) కట్టేది ఘనమీటర్ల లెక్కన. ధరావతు కట్టి, వేలంలో పాడి, లారీ మాట్లాడుకుని, కోత మిల్లు దాకా తీసుకుపోగల వ్యాపారికి ఆ పద్ధతి సరిగ్గా అమరుతుంది. మూడో వంతు ఘనపుటడుగు కావలసిన మనిషికి అందులో చోటు లేదు.

అలాంటివాడికి మిగిలే దారులు నాలుగు, నాలుగింటికీ నాలుగు లోపాలు. కోత మిల్లులో అంచుల తరుగు వంటచెరకుగా అమ్ముడుపోతుంది. అందులో చేవగల (దుంగ నడిమి గట్టి భాగపు) టేకు ముక్కలు కూడా ఉంటాయి కాని, అడిగితే ముక్కలకు బిల్లు రాయరు. రెండోది, పడగొట్టిన ఇళ్ల పాత తలుపులు, దూలాలు. నిజానికి అన్నింటికన్నా మంచి చెక్క అదే. ఏళ్ల తరబడి ఆరి, కదలాల్సినంత కదిలి, ఇక కుదురుకున్న చెక్క. లోపల విరిగి ఉండిపోయిన మేకులు ఉలి అంచును తినేస్తాయన్నది ఒక్కటే బాధ, పైగా అలాంటి సరుకు కావలసినప్పుడు దొరకదు. మూడోది, కర్మాగారాల నుంచి బయటికి వచ్చే ప్యాకింగ్ పెట్టెల చెక్క. దీని గురించి ఒక హెచ్చరిక చేయాలి. విదేశీ సరుకుతో వచ్చే పెట్టెల మీద, ప్యాలెట్ల మీద ముద్ర ఉంటుంది. ‘హెచ్‌టీ’ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. రెండో రకాన్ని పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు గాని, వంటింటి వస్తువులకు గాని వాడకూడదు. ముద్ర కనిపించని ముక్కను కూడా నేను ఆ పనులకు ముట్టను. ఇక నాలుగోది, తెల్లవారుజామున సైకిల్ మీద ఇంటి ముందుకే వచ్చే సరుకు. ధర సగం, కాగితం సున్నా. అది ఎక్కడిదో అడగనివాడే కొంటాడు. ప్రాణహిత మీదుగా టేకు దొంగతనంగా దాటిపోతుందన్న మాట ఈ జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు.

చట్టబద్ధమైన చిన్న అమ్మకం లేనిచోట ఆ సైకిల్‌కు గిరాకీ పెరుగుతుందన్నదే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట. ఇంటి పనికి కలప కావలసినవాళ్లలో దొంగసరుకు కోరి కొనేవాడు అరుదు. చేతిలో ఉన్న డబ్బుకు, కావలసిన కొలతకు, నిజాయతీగా అమ్మే చోటు కనపడకపోతే అటు మళ్లేవాళ్లే ఎక్కువ.

కలప దొరకడమొక్కటే సరిపోదు, అది ఆరినదై ఉండాలి. ఈ విషయంలో మా ప్రాంతపు వాతావరణం ఎవరినీ క్షమించదు. మే నెలలో ఇక్కడ ఎండ 46, 47 డిగ్రీలకు చేరుతుంది, గాలిలో తేమ 20 శాతానికి పడిపోయే రోజులు ఉంటాయి. అలాంటి గాలిలో చాలాకాలం ఉన్న చెక్కలో మిగిలే తేమ 4, 5 శాతం. వానాకాలంలో గాలి తేమ 80 శాతం దాటితే అదే చెక్క 16 శాతం దాకా తేమ పీల్చుకోగలదు. చెక్క పొడవునా దాదాపు మారదు. మారేది వెడల్పే. పచ్చిగా ఉన్న టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి సుమారు 5 శాతం, నడిబొడ్డు నుంచి బెరడు వైపుగా అందులో సగం కుంచించుకుపోతుంది. ఇతర చెట్లతో పోలిస్తే ఇది తక్కువే. టేకుకు ఉన్న గౌరవంలో చెదను తట్టుకునే గుణంతో పాటు దీనికీ వాటా ఉంది.

పెళ్లి పీటల విషయంలో ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చెబుతాను. 18 అంగుళాల వెడల్పు పీట తీసుకుందాం. దుంగను మామూలుగా నిలువునా పలకలు తీసిన చెక్కతో చేసినదైతే, దానిలో తేమ 5 శాతం మారినప్పుడు పీట వెడల్పు దాదాపు 4 మిల్లీమీటర్లు మారుతుంది. దుంగ నడిబొడ్డు మీదుగా కోసిన పలకలైతే అందులో సగమే. 4 మిల్లీమీటర్లు అంటే ఏముందిలే అనిపించవచ్చు. పీట వంగకుండా అడుగున అడ్డంగా రెండు పట్టీలు వేస్తారు కదా. ఆ పట్టీలను ఫెవికాల్ పూసి, స్క్రూలతో గట్టిగా బిగిస్తే, ఎండాకాలం రాగానే పైపలక కుంచించుకోవాలని చూస్తుంది, పట్టీ కదలనివ్వదు. రెండింటి పంతంలో నడిమికి చీలేది పీట. పట్టీలో మధ్య స్క్రూకు గుండ్రటి బెజ్జం, అటూ ఇటూ స్క్రూలకు కోలగా సాగదీసిన బెజ్జాలు పెట్టి, జిగురు పూయకుండా వదిలితే చెక్క తన దారిన తాను కదులుతుంది, పీట నిలుస్తుంది. మా వీధిలో వడ్రంగి బాబాయి ఈ సంగతిని ఏ లెక్కా లేకుండా ఒక్క ముక్కలో చెప్పాడు: “చెక్కను కట్టేయకు, పట్టుకో.” ఎండాకాలం రాజురాలో చేసిన పీట వానాకాలంలో కాకినాడలో ఉన్న అమ్మాయి ఇంటికి చేరేసరికి ఎంత ఉబ్బుతుందో ముందుగా లెక్క వేసుకుని, ఆ బెజ్జాల్లో అంత సందు వదలవలసిందే.

పచ్చి చెక్కతో ఈ జాగ్రత్తలేవీ పనిచేయవు. అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడలో ఆరబెట్టాలన్నది పాత లెక్క. మా ఎండలకు అంతకన్నా త్వరగానే ఆరవచ్చు కాని, త్వరగా ఆరితే కొనలు పగులుతాయి. అందుకే కోసిన వెంటనే కొనలకు మైనమో పెయింటో పూసి, పలక పలకకూ మధ్య సన్నని పుల్లలు పెట్టి పేర్చుతారు. ఇద్దరు ముగ్గురు మనుషులు తిరగడానికే చోటు చాలని ఇంట్లో కలపను ఏడాది పాటు ఎక్కడ పేర్చుతాం? ఆరిన చెక్కను చిన్న మొత్తంలో కొనుక్కోగలగాలని కోరడానికి ఇదే కారణం.

టేకు మీద మోజు తగ్గించుకుని పెరటి చెట్లను వాడుకోవచ్చు కదా అని కొందరు మిత్రులు అంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. వేప పెట్టెకు పురుగు దగ్గరికి రాదు. నేరేడు నీటిలో నానినా చెడదు. నల్లతుమ్మ బండి చక్రాలకు, నాగళ్లకు పనికివచ్చిన గట్టి చెక్క కనుక ఉలి పిడికి, కొయ్యసుత్తికి దాన్ని మించినది లేదు. మాంసం కొట్టే మొద్దుకు చింతను ఎందుకు వాడతారో ఒకసారి రంపం పెట్టి చూస్తే తెలుస్తుంది. మామిడి చెక్క నార అందంగా ఉంటుంది, ధర తక్కువ. కాని నరికిన వెంటనే కోసి ఆరబెట్టకపోతే నల్లబడుతుంది, పుచ్చు పడుతుంది. నేను చేసే వంటింటి వస్తువుల్లో ఎక్కువ భాగం వీటితోనే. అయితే 1964 నాటి మహారాష్ట్ర చెట్ల నరికివేత నియంత్రణ చట్టం పరిధిలోకి టేకుతో పాటు మామిడి, చింత, నేరేడు కూడా వస్తాయి, సొంత పెరటిలో ఉన్నా అనుమతి కావాలి. ఆ చట్టం ఉండవలసిందే. నేను అడిగేది చెట్టు నరికే హక్కు కాదు, ఇప్పటికే నరికి డిపోకు చేరిన కలపలో పిడికెడు.

సరిహద్దు వల్ల వచ్చే ఇబ్బంది మరొకటి ఉంది. మా ఆడపిల్లల్లో సగం మందిని ఇచ్చింది అవతలి రాష్ట్రాల్లోనే. సిరోంచ నుంచి గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. రాజురా నుంచి రైలెక్కినా, బస్సెక్కినా కాసేపటికే ఆసిఫాబాద్ జిల్లా. 1927 నాటి భారత అటవీ చట్టం 41వ సెక్షన్ ప్రకారం కలప రవాణాను నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉంది, ఏ రాష్ట్రపు నియమాలు ఆ రాష్ట్రానివి. 2023 డిసెంబరు 29న కేంద్రం దేశమంతటికీ ఒకే ఆన్‌లైన్ రవాణా అనుమతి విధానాన్ని ప్రారంభించింది. కలప పెంచే రైతులకు, వ్యాపారులకు అది మేలే. కాని మనుమరాలి పుట్టినరోజుకు ఒక టేకు బండిని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కే తాతకు ఏ కాగితం కావాలో, అసలు అక్కర్లేదో స్పష్టంగా చెప్పే పలక తెలుగులోనూ మరాఠీలోనూ ప్రతి తనిఖీ కేంద్రం దగ్గర ఉండాలి. చేతిలో డిపో రసీదు ఉంటే ఆ తాత ధైర్యంగా సమాధానం చెప్పగలుగుతాడు.

అందుచేత సంబంధిత అధికారులకు నా విన్నపం ఇది. జిల్లాకు ఒక డిపోలోనైనా చిల్లర అమ్మకపు గది తెరవాలి. అక్కడ రెండు నుంచి నాలుగడుగుల పొడవున్న, ఆరిన టేకు పలకలను ఘనపుటడుగు ధరను బోర్డు మీద రాసి పెట్టి అమ్మాలి. ఇందుకోసం మేలురకం దుంగలను కేటాయించనక్కరలేదు. టేకు తోటలను పలచన చేసేటప్పుడు తీసే సన్నకర్రలు, వేలంలో వెనకబడిపోయే పొట్టి దుంగలు, వంకర దుంగలు చాలు. సన్నకర్రల్లో చేవ తక్కువగా, దాని చుట్టూ తెల్లని మెత్తటి భాగం ఎక్కువగా ఉంటుందన్న మాట నిజమే. పీట కాళ్లకు, బొమ్మలకు, సొరుగుల లోపలి పలకలకు అది సరిపోతుంది. మనిషికి ఏడాదికి ఇంత అని పరిమితి పెట్టినా మాకు అభ్యంతరం లేదు. దుంగ మీద అటవీ శాఖ వేసే సుత్తి ముద్ర కోతలో పోతుంది కనుక, పలకకు ఒక చిన్న ముద్రో సంఖ్యో వేసి, రసీదులోనూ అదే రాస్తే తనిఖీ చేసేవారికీ మాకూ పని తేలిక.

ఈ ప్రాంతంలో వెదురుకు ఇలాంటి ప్రోత్సాహం ఇప్పటికే దొరికింది. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి వెలుపల పెరిగిన వెదురును చెట్ల జాబితా నుంచి తప్పించారు. చంద్రపూర్ దగ్గర చిచ్‌పల్లిలో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రం నడుస్తోంది. టేకును జాబితా నుంచి తప్పించమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. కాని వెదురు విషయంలో మామూలు మనిషి చేతిని నమ్మిన ప్రభుత్వం కలప విషయంలోనూ కొంత నమ్మవచ్చు.

ఇంట్లో కూర్చుని చెక్కపని చేసేవాళ్లు పెరిగితే వడ్రంగుల పొట్ట కొట్టినట్లు కాదా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. దీని మీద నేను చాలా ఆలోచించాను. వడ్రంగికి ఎసరు పెట్టినది రెడీమేడ్ తలుపులు, రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల బీరువాలు. రెండు వారాలు కూర్చుని ఒక వామనగుంటల పీట తొలిచే పనికి కూలి కట్టి ఇచ్చేవాడు ఎవడూ ఉండడు. అది అభిమానానికి చేసే పని. పైగా రంపం పట్టి చూసిన మనిషికే కుసి (అతుకు కోసం చెక్క కొనను సన్నగా చెక్కిన నాలుక) బెజ్జంలో బిగువుగా దిగడం ఎంత కష్టమో తెలుస్తుంది. అలాంటివాడు వడ్రంగి దగ్గర బేరం ఆడడం తగ్గిస్తాడని నా అనుభవం. చిల్లర అమ్మకం వల్ల ముందుగా బాగుపడేది కూడా పల్లెటూరి వడ్రంగే, ఎందుకంటే వేలంలో లాటు పాడే స్తోమత అతనికీ లేదు. ఏటికొప్పాకలో అంకుడు, నిర్మల్‌లో పొణికి చేతికందే దూరంలో ఉన్నాయి కనుకనే అక్కడ బొమ్మల పని నిలదొక్కుకుంది. బల్లార్షా చుట్టూ టేకు ఉండీ, బల్లార్షా పేరు మీద చెప్పుకోదగ్గ చేతిపని లేకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే తోస్తుంది.

బడుల మాట కూడా చెప్పాలి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక పనివారి దగ్గర పని నేర్చుకోవాలని చెబుతూ, ఆ పనివారి వరుసలో మొదట వడ్రంగినే పేర్కొంది. మా పొరుగున ఉన్న వార్ధాలోనే 1937లో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా సదస్సు చేతిపని ద్వారా చదువు అన్న ఆలోచనను దేశం ముందు పెట్టింది. ఆ పది రోజులకు ఒక్కొక్క పిల్లవాడికి కావలసినది జానెడు చెక్క. డిపోలో చిల్లర అమ్మకం ఉంటే ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసి తెప్పించుకోగలడు. పిల్లలకు ముక్కుకు గుడ్డ కట్టించే జాగ్రత్త మాత్రం మరవకూడదు. చెక్క దుమ్మును క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది. అలాగే అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. తీగ మీద విప్పి ఆరేయాలి. ఇది పిల్లలకే కాదు, నాలాంటి పెద్దలకూ వర్తిస్తుంది.

మీ పత్రిక సరిహద్దు జిల్లాల ప్రతినిధులు సిరోంచ, అల్లాపల్లి, రాజురా, బల్లార్షాల్లో ఉన్న వడ్రంగులతోనూ, ఇంటి పనివారితోనూ, డిపో అధికారులతోనూ మాట్లాడి ఈ విషయం మీద ఒక కథనం ఇవ్వగలిగితే మా మాటకు బలం చేకూరుతుంది. చలికాలపు నరుకుడు మొదలై కొత్త దుంగలు డిపోకు చేరేలోగా ఆ పని జరిగితే, ఈ ఏటి సరుకులోనే కొంత భాగాన్ని చిల్లర అమ్మకానికి విడదీసే అవకాశం అధికారులకు ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
రాజురా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర